కడపటి పరుగువాని కొఱకు

పాఠశాల వార్షిక సంచికకు వ్యాయామమును గూర్చి యేదైన నొక వ్యాసము వ్రాయవలసినదని సంపాదకులు కోరినప్పుడు మేము కొంత సంకోచించితిమి. మేము వ్యాయామోపాధ్యాయులము కాము. పతకములు గెలిచినవారమును కాము. కొత్తవాడలో మగ్గముల చప్పుడు నడుమ పుట్టి పెరిగి, నలుబది యేండ్లు దాటిన పిమ్మట పరుగెత్త నేర్చినవారము. 2024 వ సంవత్సరము ఆగస్టు మాసమున హైదరాబాదు నగరమున జరిగిన మారథాను పరుగును మొదటినుండి తుదివఱకు పూర్తిచేసితిమి. మాకు పట్టిన కాలము 5 గంటల 52 నిమిషములు. ఇది గొప్పగా చెప్పుకొనదగినది కాదని చదువరులు ముందుగానే తెలిసికొనుట మంచిది. అదే దినమున, అదే బాటమీద, మాకు పట్టిన కాలములో సగముకన్న తక్కువకే పూర్తిచేసినవారు కలరు.

అయినను మేమీ వ్యాసమునకు పూనుకొనుటకు కారణము పరుగు కాదు. పరుగు ముగిసి యింటికి వచ్చిన సాయంకాలము మా తండ్రిగారు వేసిన యొక ప్రశ్న. ఆ ప్రశ్నకు మేమిచ్చిన జవాబు మమ్ము నేటికిని బాధించుచున్నది. దానిని తగిన చోట చెప్పెదము.

మారథాను అను మాటను బాలబాలికలు వినియే యుందురు. దాని దూరము 42 కిలోమీటర్ల 195 మీటర్లు. 400 మీటర్ల పరుగుబాటను 105 సార్లు చుట్టి, మఱి సగము చుట్టు తిరిగినచో నంత దూరమగును. 1896 లో ఏథెన్సు నగరమున నూతన ఒలింపిక్ క్రీడలు మొదలైనప్పుడు సుమారు 40 కిలోమీటర్ల దూరముతో నీ పందెమును పెట్టిరి. గెలిచినవాడు స్పిరిడాన్ లూయిస్ అను గ్రీకు యువకుడు. నీళ్ళు మోసి జీవించువాడు. 1908 లో లండనునందు విండ్సరు కోటకడ పరుగు మొదలై, క్రీడారంగమున రాజకుటుంబము కూర్చుండు చోటి ముందర ముగియునట్లు ఏర్పాటు చేయగా నా దూరము 26 మైళ్ళ 385 గజములైనది. 1921 లో నదియే స్థిరమైన కొలతగా నిర్ణయింపబడినది. కడపటి యా 385 గజములు పరుగెత్తునప్పుడు ఆ రాజకుటుంబమును గూర్చి మా మనస్సున కలిగిన భావములు పిల్లలు చదువు సంచికలో వ్రాయదగినవి కావు.

కొత్తవాడలో పరుగు నభ్యసించుట యనగా మొదట కుక్కలతో సంధి చేసికొనుట. వేకువజామున నాలుగు గంటలకు వీథిలో నడచువానిని కుక్కలు క్షమించును గాని పరుగెత్తువానిని క్షమింపవు. తరువాతి కష్టము మనుష్యులతో. పాలవాడు మొదలుకొని ప్రతివారును, "ఎవరైన తరుముచున్నారా?" అని యడిగెడివారు. కొందరు మధుమేహము వచ్చినదా యని జాలిపడిరి. మొదటి మాసమున రెండు కిలోమీటర్లు నిలువక పరుగెత్తుటయే గగనమైనది. భద్రకాళి చెరువుకట్ట మీదికి చేరునప్పటికి రొప్పు వచ్చి నిలిచెడివారము. ఆరు మాసములకు హనుమకొండలోని వేయిస్తంభముల గుడివఱకు పోయి వచ్చుట అలవాటైనది. ఆదివారములందు ఖిల్లా వరంగల్లునకు పోయి, మట్టికోట గోడవెంట తిరిగి, రాతికోట లోపల కాకతీయుల కీర్తితోరణముల చెంత కూర్చుండి, వెంట తెచ్చుకొన్న బెల్లపుముక్క తిని వెనుకకు మరలెడివారము. కొత్తవాడలో పుట్టియు, నూరు గడియల దూరములేని ఆ కోటను చుట్టుదిరిగి చూచుట మాకదే మొదటిసారి యని చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది.

ఇక బూట్ల సంగతి. పరుగు బూట్లొక జతకు చెల్లించు వెలతో మా వాడలో నొక నేతకుటుంబము కొన్నాళ్ళు గడపగలదు. ఆ సంగతి తెలిసి కొనుటకు మాకు చేయి రాలేదు. ఇతియోపియా దేశపు అబేబే బికీలా 1960 లో రోము నగరమున బూట్లు లేకయే పరుగెత్తి ఒలింపిక్ మారథాను గెలిచెననియు, మన దేశపు శివనాథ్ సింగ్ బూట్లు లేక పరుగెత్తుటకు ప్రసిద్ధుడనియు, 1978 లో జలంధరున నతడు 2 గంటల 12 నిమిషములలో ముగించిన పరుగు దశాబ్దములకొలది దేశమునకు గీటురాయియై నిలిచెననియు చదివి, మేమును వట్టికాళ్ళతో ప్రయత్నించితిమి. మూడవనాడే గాజుపెంకు గ్రుచ్చుకొనెను. మహానుభావుల ననుకరించుటకు ముందు మన వీథి నెవరూడ్చుచున్నారో చూచుకొనవలెనని తెలిసికొని బూట్లు కొంటిమి.

మా తండ్రిగారు జంపఖానాలు నేసినవారు. వరంగల్లు జంపఖానాలకు 2018 లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఆ వార్త పత్రికలో వచ్చిన దినమున వారు దానిని కత్తిరించి గోడకంటించిరి. అప్పటికే వారు మగ్గము దిగి కొన్ని సంవత్సరములైనది. ఏండ్ల తరబడి యొకేచోట కూర్చుండి, ఒకే విధముగా కాళ్ళాడించినందున వారి మోకాళ్ళు చెడినవి. 1934 లో స్థాపింపబడిన ఆజంజాహి మిల్లు మా చిన్ననాట నింకను పనిచేయుచుండెను. మిల్లుకు పోవువారికి నిర్ణీతమైన పనిగంటలుండెడివి, ఇంట నేయువారి కవి లేవు. మేము పరుగెత్తుచున్నామని తెలిసినప్పుడు వారు కోపపడలేదు, సంతోషపడనులేదు. "ఉన్న మోకాళ్లను ఊరికే అరగదీస్తవా బిడ్డా?" అని మాత్రమనిరి. మంచి మోకాళ్ళను తగిన విధముగా వాడినందువలన నవి చెడవని మేము వైద్యులవలన వినినదానిని చెప్పితిమి. వారు నమ్మినట్లు కనబడలేదు.

పరుగుదినము వచ్చినది. హైదరాబాదులో ఈ మారథాను 2011 నుండి జరుగుచున్నది. చీకటి విడకమునుపే హుస్సేన్ సాగరు తీరమున వేలకొలది జనము చేరిరి. వారిలో డాక్టర్లు, పోలీసులు, కంప్యూటరు ఉద్యోగులు, ఇంటి యిల్లాండ్రు, ముసలివారు గలరు. తమ వృత్తి వేఱైనను కేవలము వేడుకకై పరుగెత్తువారే అందులో నధికులు. మొదటి ఇరువది కిలోమీటర్లు మేమెట్లు పరుగెత్తితిమో మాకే జ్ఞాపకము లేదు, ఉత్సాహములో పోయినవి. హైదరాబాదు త్రోవలు చదునైనవి కావు. ఎక్కుట, దిగుట, వంతెన యెక్కుట, మరల దిగుట. ఎక్కుటకన్న దిగుటయే తొడలకు హెచ్చు శ్రమయని యక్కడ తెలిసినది.

ముప్పదవ కిలోమీటరు దాటిన తరువాత మనుష్యుని శరీరమునందొక వింత జరుగును. మనము తిన్న అన్నము చక్కెరగా మారి కండలలోను కాలేయములోను గ్లైకోజెను రూపమున నిలువయుండును. ఆ నిలువ మితమైనది. సామాన్యునికి సుమారు ముప్పది కిలోమీటర్ల పరుగునకు సరిపోవును. అది తరిగినంతనే కాళ్ళు మనవి కానట్లు తోచును. మాకు ముప్పదిరెండవ కిలోమీటరుకడ నట్లయ్యెను. త్రోవప్రక్కన కూర్చుంటిమి. అప్పుడొక బాలిక, ఏడవ తరగతి చదువునంత యీడుది, తన యింటినుండి తెచ్చిన పళ్ళెములోనుండి ఉప్పుచల్లిన నారింజతొనలు మా చేతిలో పెట్టి, "లేవండి అంకుల్, ఇంకా పది కిలోమీటర్లే!" అనెను. పది కిలోమీటర్లే! ఆ పిల్లకు లెక్కలయందు మంచి మార్కులు వచ్చును గాక. మేము లేచి, నడచి, కొంత పరుగెత్తి, మరల నడచి, గచ్చిబౌలి ఆటస్థలము చేరితిమి. పతకము మెడలో వేసిరి. ఒక పొట్లము ఉప్మా యిచ్చిరి. అంత రుచిగల ఉప్మాను మేము అంతకుముందు తినలేదు, అటుపిమ్మటను తినలేదు. వెంటనే సికింద్రాబాదునకు పోయి రైలెక్కితిమి.

ఇంటికి వచ్చి తండ్రిగారి చేతికి పతకము నిచ్చితిమి. దానిని త్రిప్పి చూచి, "ఎంతమంది నీకన్న ముందు వచ్చిండ్రు?" అని యడిగిరి. చాలమంది యని చెప్పితిమి. "ఎనుక?" కొందరింకను వచ్చుచుండిరి. "కడపటాయన వచ్చేదాక ఉంటివా?"

ఉండలేదు. రైలు తప్పునని వచ్చితిమి. నిజము చెప్పవలెనన్న, ఆ రైలు పోయినను సాయంకాలమువఱకు మఱి కొన్ని రైళ్ళు కలవు. కడపటివాని నెవరైన చూతురా యను తలంపే మాకు రాలేదు.

మా తండ్రిగారు మఱేమియు ననలేదు. మేము మాత్రము ఆ రాత్రి నిద్రపోలేదు. కాళ్ళనొప్పులవలన కొంత, ఆ మాటవలన కొంత. ఏలయనగా మేము నొకప్పుడు కడపటివారమే. తొమ్మిదవ తరగతిలో నుండగా, ఒక పాఠశాల ఆటలదినమున, 1500 మీటర్ల పందెమున మేముంటిమి. మొదటి ముగ్గురు చేరిరి, వారి పేరులు వ్రాసికొనిరి, దారము చుట్టివేసిరి. మాకింకను ఒకటిన్నర చుట్లు మిగిలియున్నవి. తరువాతి పందెమునకు ఈల వేసి, "ఒరే, నీవు ప్రక్కకు తప్పుకో" అని కేక వేసిరి. తప్పుకొంటిమి. నవ్వినవారు నవ్విరి. అటుపిమ్మట ఇరువదియైదేండ్లు మేము పరుగెత్తలేదు. ఆ కేక వేసినవారు చెడ్డవారు కారు. ఎండలో ప్రొద్దుటినుండి నిలిచి అలసినవారు. అయినను ఒక మాటవలన నొక బాలుడు ఇరువదియైదేండ్లు మైదానమునకు దూరమయ్యెను. అంతటి వాడమే యైయుండి, హైదరాబాదులో మా వెనుక వచ్చువారిని మరచి రైలెక్కితిమి!

మా అభిప్రాయమిది: ఆటలదినమున కడపటి పరుగువాడు గీటు దాటువఱకు పందెము ముగిసినట్లు కాదు. అంతవఱకు గడియారమును పట్టుకొన్నవారు దానిని దించరాదు. తరువాతి ఈల వేయరాదు. ప్రేక్షకులు మైదానమున నడువరాదు.

దీనికి కొందరు నవ్వుదురని యెఱుగుదుము. ఓడినవానికి చప్పట్లు కొట్టినచో గెలిచినవానికి విలువ యేమి యుండునని యడుగుదురు. మేము బహుమతి నందరికి పంచుమనుట లేదు. మొదటి బహుమతి మొదటివానిదే. దానిని తగ్గించుట న్యాయము కాదు. కాని 1968 లో మెక్సికో నగరమున జరిగిన ఒలింపిక్ మారథానును తలంపుడు. 75 మంది బయలుదేరిరి, 57 మంది ముగించిరి. ఇతియోపియా దేశపు మామో వోల్డే 2 గంటల 20 నిమిషములలో గెలిచెను. గంటకు మించిన కాలము గడచి, చీకటిపడి, జనులలో ననేకులు వెడలిపోయిన పిమ్మట టాంజానియా దేశపు జాన్ స్టీఫెన్ అక్వారి మోకాలికి కట్టుతో కుంటుచు క్రీడారంగము చేరెను. త్రోవలో పడి యతని మోకాలు తొలగెను, భుజమునకు గాయమయ్యెను. 3 గంటల 25 నిమిషములకు గీటు దాటెను. ఏబదియేడవవాడు, కడపటివాడు. నేడు ఆ పరుగును జ్ఞాపకముంచుకొన్నవారిలో పలువురికి అక్వారి పేరు తెలియును. వోల్డే పేరు తెలిసినవారు తక్కువ. అందువలన వోల్డే పతకము విలువ యేమైన తగ్గెనా? ఆ దినమున అక్కడ మిగిలిన కొలదిమంది చప్పట్లు కొట్టిరి గనుకనే, కెమేరా పట్టినవారు నిలిచియుండిరి గనుకనే యా కథ మనదాక వచ్చినది.

ఇందొక జాగ్రత్త చెప్పవలసియున్నది. ఎట్లైన ముగింపవలెనను పట్టుదలను పిల్లలకు నేర్పుట మా యుద్దేశము కాదు. 1912 లో స్టాక్‌హోమున మండుటెండలో జరిగిన మారథానులో జపాను దేశపు షిజో కనకురి యెండదెబ్బకు తాళలేక త్రోవలోనే విరమించి, అధికారులకు చెప్పకయే స్వదేశమునకు పోయెను. 1967 లో స్వీడనువారు వృద్ధుడైన యతనిని మరల పిలిచి, మిగిలిన పరుగును ముగింపజేసిరి. పట్టిన కాలము 54 సంవత్సరముల 8 మాసముల 6 దినములు, పై గంటలు వేఱు. నవ్వు పుట్టించు లెక్కయే. కాని ఆ 1912 నాటి పందెమునందే పోర్చుగలు దేశపు యువకుడొకడు ఎండకు కూలి మఱునాడు మరణించెను. విరమించిన కనకురి ఏబదియేండ్ల పిమ్మట నవ్వుచు వచ్చి ముగించెను. తల తిరిగినప్పుడు, చెమట నిలిచి వణకు పుట్టినప్పుడు ఆగిపోవు బాలుని కూడ కడపటివానివలెనే ఎదురేగి తీసికొనిరావలెను, నీడలో కూర్చుండబెట్టవలెను. దప్పిలేకయే బిందెలకొలది వట్టినీరు త్రాగుటయు ప్రమాదమే. రక్తములోని ఉప్పు పలుచబడును. పెద్దల మారథానును పదునెనిమిదేండ్లు నిండనివారు తలపెట్టనే వలదు. పాఠశాలలో నున్నంతకాలము నెమ్మదిగా, మాటలాడుకొనుచు, మూడు నాలుగు కిలోమీటర్లు పరుగెత్తుట నేర్చిన చాలును.

బాలికల తల్లిదండ్రులకొక మాట. స్త్రీలకింత దూరము తగదని పెద్దలు చాలకాలము వాదించిరి. 1967 లో బోస్టను మారథానునందు కాథరిన్ స్విట్జరు అను యువతి పరుగెత్తుచుండగా నిర్వాహకుడొకడు వెంటబడి యామె సంఖ్యాపత్రమును లాగివేయజూచెను. ఒలింపిక్ క్రీడలలో స్త్రీల మారథాను మొట్టమొదట జరిగినది 1984 లో మాత్రమే. మన వరంగల్లు ప్రాంతమునందే, పర్వతగిరి మండలము కల్లెడ గ్రామములో పుట్టిన జీవంజి దీప్తి 2024 లో జపానులోని కోబెనగరమున ప్రపంచ పారా క్రీడలలో 400 మీటర్లను 55.07 సెకండ్లలో పరుగెత్తి స్వర్ణము గెలిచెను. అదే సంవత్సరము పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యము గెలిచెను. చిన్ననాట ఊరివారి హేళనలు పడిన బాలిక యామె. ఆ హేళనలకు తలయొగ్గి ఆమెను ఇంట కూర్చుండబెట్టియుండిన నేమయ్యెడిదో కొత్తవాడ తల్లులే యాలోచింతురు గాక.

మఱి కాలము చాలదందురా? లెక్క వేయుదము. పాఠశాల బాలురలో చురుకైనవాడు 1500 మీటర్లను అయిదారు నిమిషములలో ముగించును. మాబోటివాడు పదినిమిషములు తీసికొనును. తేడా నాలుగైదు నిమిషములు. ఆటలదినమున ముఖ్య అతిథులు చేయు ఉపన్యాసములలో నొక్కదానినుండి యా నాలుగు నిమిషములు తీసిన, ఉపన్యాసమునకు గాని వినువారికి గాని నష్టము లేదని మేము ధైర్యముగా చెప్పగలము. పెద్ద నగరముల మారథానులకు కాలపరిమితి పెట్టక తప్పదు; త్రోవలు తెఱవవలెను, ఆసుపత్రి బండ్లు పోవలెను. పాఠశాల మైదానమున కట్టి తొందర యేమి? తమ పిల్లవాని పందెము కాగానే చేయిపట్టుకొని ఇంటికి తీసికొనిపోవు తల్లిదండ్రులను కూడ వేడుకొనుచున్నాము. ఇంకొక అయిదు నిమిషములు నిలువుడు. వెనుక వచ్చుచున్న పిల్లయు నొకరి బిడ్డయే.

సంచికలో అచ్చగు క్రీడాఫలితముల పట్టికను గూర్చియు నొక మనవి. ప్రతి సంవత్సరము ఒక్కొక్క పందెమునకు మూడేసి పేరులు వేయుదురు. దూరపు పందెములకైన, ముగించిన వారందరి పేరులను, పట్టిన కాలముతో కూడ వేయుడు. కాగితము వ్యయమగునందురేమో, అర పుట మించదు. పోయిన యేడు పది నిమిషములు పట్టిన బాలిక ఈ యేడు తొమ్మిదిన్నర నిమిషములలో వచ్చినచో నా ముప్పది సెకండ్ల గెలుపు ఆమెకు తెలియవలదా? ఆ పుటను ఇంటికి తీసికొనిపోయి చూపుటకు ఆమెకు మాత్రము తండ్రి లేడా?

2025 ఆగస్టులో మరల హైదరాబాదునకు పోతిమి. మోకాలు నొచ్చుచున్నందున పరుగెత్తలేదు (మా తండ్రిగారి ముఖమున నొక విజయరేఖ కనబడెను). ఆటస్థలపు ద్వారముకడ నిలిచి, వచ్చువారిని చూచుచు చప్పట్లు కొట్టితిమి. ఎండ యెక్కినకొలది వచ్చువారు పలుచనైరి. జట్లు పోయి ఒంటరివారు రాసాగిరి. చిట్టచివర తెల్లజుట్టుగల యొకామె ఇరువురు స్వచ్ఛంద సేవకుల నడుమ నడచుచు వచ్చెను. మేము కొట్టిన చప్పట్ల కామె మొదట వెనుకకు తిరిగి చూచెను, మఱెవరికో యనుకొని. ఆ సాయంకాలము ఈ సంగతిని మా తండ్రిగారికి చెప్పగా, "ఏ ఊరు ఆమెది?" అని యడిగిరి. అడుగలేదంటిమి. "అడిగేది ఉండె" అనిరి.

మన పాఠశాల ఆటలదినము దగ్గరపడుచున్నది. ఈ పనికి కావలసినవి గీటుకడ రెండు బల్లలు, ఒక నీళ్ళకుండ, ఒక కాగితము, ఒక గడియారము. ప్రధానోపాధ్యాయుల వారనుమతించినచో గడియారమును మేము తెచ్చి, కడపటివారు వచ్చువఱకు మేమే పట్టుకొని నిలిచెదము.